పాత బండి ముందు ఫోర్కు: ఇంట్లో ఏం చేయొచ్చు, ఏ వరసలో చేయాలి

(ఒడిశాలోని రాయగడలో పాత మోటార్‌సైకిళ్ళ యజమానుల ముందు తెలుగులో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో మేస్త్రీలు కూర్చున్నారు, వెనక కుర్రాళ్ళు ఉన్నారు. గుణుపురం నుంచి, పార్వతీపురం నుంచి కూడా బళ్ళ మీద వచ్చారు. సంతోషం. నేను మాట్లాడేది ముందు ఫోర్కు గురించి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఆ రెండు గొట్టాల గురించే.

ఒక్కసారి చేతులెత్తండి. ఇంజన్ ఆయిలు మార్చినవాళ్ళు? అందరూ ఉన్నారు. ఫోర్కు ఆయిలు మార్చినవాళ్ళు? మేస్త్రీ గారూ, మీరు దించేయండి, మీది వృత్తి. మిగతావాళ్ళలో చూడండి, ఇద్దరో ముగ్గురో. మరి ఆ ఆయిలు ఎన్నేళ్ళ నుంచి లోపల ఉంది? బండి కొన్న రోజు నుంచీ ఉంది. సీడీ హండ్రెడ్ బళ్ళు, స్ప్లెండర్లు, ఆర్ఎక్స్ హండ్రెడ్‌లు, బుల్లెట్లు, మొదటి తరం పల్సర్లు బయట వరసగా నిలబెట్టి ఉన్నాయి కదా. ఆర్ఎక్స్ హండ్రెడ్ 1985లో వచ్చింది, 1996లో ఆపేశారు. స్ప్లెండర్ 1994లో వచ్చింది. పల్సర్ 2001. ఆ బళ్ళలో కొన్నిటి ఫోర్కు ఇంతవరకు విప్పనే లేదు.

అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ముందు షాకబ్జర్లు ఏవి వేయించమంటావు?" ఏవి వేయించాలో తర్వాత చెబుతాను. ముందు నేను అడుగుతాను: నీ బండికి ఉన్నవి పని చేస్తున్నాయా? పని చెయ్యని ఫోర్కు మీద ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ వృథా. సీలు, అంటే ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, కారుతోంది, పైపు వంగింది, ఆయిలు బురదైంది, వీటి మీద కొత్త స్ప్రింగు పెడితే ఏమొస్తుంది? ఏమీ రాదు. వరస ఉంది. ముందు ఉన్నదాన్ని బాగుచెయ్యాలి. తర్వాత కొలవాలి. తర్వాత స్ప్రింగు. ఆ తర్వాత ఆయిలు. వాల్వులు, వేరే బండి ఫోర్కులు అన్నీ ఆఖరికి. మనవాళ్ళు ఆఖరి దాంతో మొదలుపెడుతున్నారు. అదీ నా బాధ.

ఈ ఫోర్కు లోపల ఏముందో కాస్త చూద్దాం. ఆయిలుతో అదుపు చేసే టెలిస్కోపిక్ ఫోర్కును పెద్ద ఎత్తున తయారయ్యే బండికి మొదట పెట్టింది బీఎండబ్ల్యూ వాళ్ళు, 1935లో, ఆర్ 12 అనే బండికి. అప్పటి నుంచి ఇప్పటి మన మామూలు బళ్ళ దాకా మూల సూత్రం మారలేదు. పైన క్రోమ్ పైపు, కింద అల్యూమినియం కేసు, మధ్యలో స్ప్రింగు, అడుగున చిల్లులున్న ఒక రాడ్డు, చుట్టూ ఆయిలు. చక్రం పైకి లేచినప్పుడు ఆయిలు ఆ చిల్లుల్లోంచి దూరాలి. స్ప్రింగు బరువు మోస్తుంది. ఆయిలు స్ప్రింగు ఊగుడిని ఆపుతుంది. రెండు పనులూ వేరు. ఇది మనసులో పెట్టుకోండి, చివరిదాకా దీనితోనే పని.

సూది లేని సిరంజిలో నీళ్ళు నింపి మెల్లగా నొక్కండి, హాయిగా వెళ్తాయి. ఒక్క దెబ్బలో నొక్కండి, వేలు నొప్పెడుతుంది. చిల్లులోంచి దూరే ద్రవం అంతే. వేగం రెండింతలైతే అడ్డు దాదాపు నాలుగింతలు అవుతుంది. అందుకే మన పాత ఫోర్కులో రెండు జబ్బులూ ఒకేసారి కనిపిస్తాయి. బ్రేకు వేస్తే ముందు భాగం మెత్తగా కూలబడిపోతుంది, ఎందుకంటే ఆ కదలిక నెమ్మది. పదునైన గుంత అంచు తగిలితే మణికట్టు దాకా దెబ్బ తగులుతుంది, ఎందుకంటే ఆ కదలిక వేగం. మెత్తగానూ ఉంది, గట్టిగానూ ఉంది అని మీరు చెప్పేది నిజమే. మీ అనుభవం తప్పు కాదు.

సరే, మొదటి మెట్టు. పైసా ఖర్చు లేనివి ముందు. ముందు టైరులో గాలి ఎంత ఉందో చూడండి. మన చిన్న బళ్ళకి ముందు టైరుకి 25 పౌండ్ల దగ్గర చాలు అని స్టిక్కర్ మీద ఉంటే, బంకులో కుర్రాడు 40 కొట్టి పంపిస్తాడు. ఇక ఏ ఫోర్కు వేసినా రాయి మీద నడిచినట్టే. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లో ఉంచి, హ్యాండిల్‌ని మెల్లగా ఇటూ అటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగుతోందా? అయితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, పోయింది. చక్రాన్ని కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టకటకమందా? కోన్ సెట్ లూజో, ఫోర్కు బుష్‌లు అరిగాయో. ఈ రెండూ ఉన్నప్పుడు ఫోర్కుకి చేసిన ఏ మెరుగూ తెలియదు.

మన దగ్గర ఇంకొకటి ఉంది. సంతకి సరుకు వేసుకుని వెళ్తారు. బుధవారం చాటికోన సంత దారిలో చూడండి, వెనక బస్తాలు, పక్కన బస్తాలు. వెనక అంత బరువు పడితే వెనక భాగం కిందికి దిగుతుంది, ముందు తేలిపోతుంది. వేగం అందుకోగానే హ్యాండిల్ ఊగుతుంది. "ముందు షాకబ్జర్లు పోయాయి" అని వస్తారు. పోలేదు తల్లీ, పోలేదు నాయనా. వెనక షాకబ్జర్ల మెట్టు పెంచు, బరువు కాస్త ముందుకి జరుపు, అప్పుడు చూడు.

ఇప్పుడు ఫోర్కు విప్పడం. ఇంట్లో చేయొచ్చా? చేయొచ్చు. తొందరపడకుండా చేయాలి. బండి మీద ఉండగానే, పైపుల్ని హ్యాండిల్ దగ్గర పట్టి ఉంచే పై క్లాంపు బోల్టు వదులు చేసి, టాప్ బోల్టుని, అంటే పైపు నెత్తిన మూతలా ఉండేదాన్ని, కాస్త వదులు చెయ్యండి. విప్పెయ్యొద్దు, వదులు మాత్రమే. బయటికి తీశాక అది కదలదు, అప్పుడు పైపుని వైస్‌లో బిగిస్తారు, క్రోమ్ మీద గీత పడుతుంది. డిస్క్ ఉంటే దాన్ని పట్టి ఆపే కాలిపర్‌ని తాడుతో కట్టి వేలాడదియ్యండి, బ్రేకు పైపు మీద బరువు వెయ్యొద్దు. చక్రం, మడ్‌గార్డ్ తీశాక కింది క్లాంపు వదులు చేసి పైపుని తిప్పుతూ కిందికి లాగండి.

టాప్ బోల్టు ఆఖరి చుట్టు దగ్గర జాగ్రత్త. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంది. మొహం పక్కకి పెట్టి, గుడ్డ కప్పి, అరచేత్తో నొక్కి పట్టుకుని విప్పండి. కొన్ని బళ్ళలో బోల్టు ఉండదు, మూతని లోపలికి నొక్కితే తీగ క్లిప్పు బయటికొస్తుంది. అడుగున ఎలన్ బోల్టు ఉంటే దాన్ని స్ప్రింగు లోపల ఉండగానే వదులు చెయ్యండి. స్ప్రింగు తీసేస్తే లోపలి రాడ్డు దాంతోపాటే తిరుగుతుంది, సాయంత్రం దాకా తిప్పినా రాదు.

ఆయిలు వంచండి. ఏ రంగులో వచ్చింది? బూడిద రంగులో, కంపు కొడుతూ వస్తుంది. అది అరిగిన లోహం, బుష్ పొడి. కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. పైపుని సమంగా ఉన్న గాజు పలక మీద దొర్లించండి. కింద వెలుతురు మారుతూ కనిపిస్తే పైపు వంగింది. ఎప్పుడో గుద్దిన బండి అయితే ఇది తప్పక చూడాలి. క్రోమ్ మీద వేలిగోరు నడపండి. గోరు తట్టుకుంటే తుప్పు గుంట ఉంది. సీలు కదిలే చోట గుంట ఉంటే కొత్త సీలు కూడా నెల తిరగకుండానే చిరుగుతుంది. పైపు మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ వేయించాలి. సీలు వచ్చే చోటికి పైనే ఉంటే ఆరాల్డైట్‌తో పూడ్చి సన్న ఎమెరీతో నున్నగా చేస్తే చాలు.

కొత్త సీలు దించేటప్పుడు సుత్తితో ఒక పక్క కొట్టొద్దు. సరిపడే పీవీసీ పైపు ముక్క తీసుకుని, కొత్త సీలు మీద పాత సీలు పెట్టి, చుట్టూ సమంగా దించండి. పైపు అంచుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, సీలు పెదవికి గ్రీజు రాసి ఎక్కించండి. అడుగు బోల్టు రాగి వాషరు కొత్తది వెయ్యండి. చౌక వస్తువే, కానీ పాతది వేస్తే అక్కణ్ణుంచి కారుతుంది.

ఇదంతా మామూలు సర్వీసు కదా, అప్‌గ్రేడ్ ఏదీ అని అడుగుతారు. పదిహేను, ఇరవయ్యేళ్ళు విప్పని బండికి ఇదే పెద్ద అప్‌గ్రేడ్. చాలామందికి ఇక్కడే తృప్తి కలుగుతుంది. కలగనివాళ్ళకి ఇప్పుడు స్ప్రింగు గురించి చెబుతాను. దీనికి కాస్త ఓపిక పట్టండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

మన ఊళ్ళో మెత్తబడ్డ ఫోర్కుకి చేసే వైద్యం ఏమిటి? స్ప్రింగు మీద వాషర్లు వెయ్యడం. వాషర్లు వేస్తే స్ప్రింగు గట్టిపడిందంటారు. గట్టిపడిందా? లేదండీ. ముందే కాస్త నొక్కుకుని కూర్చుంది, అంతే. దీన్ని ప్రీలోడ్ అంటారు. స్ప్రింగు గట్టిదనం వేరు, ప్రీలోడ్ వేరు. లెక్క చూద్దాం, కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. అంకెలు లెక్క తేలికవడానికి తీసుకున్నవి, మీ బండికి మీరు కొలుచుకోవాలి.

బండీ మనిషీ కలిసి 200 కిలోలు అనుకుందాం. అందులో ముందు స్ప్రింగులు మోసేది 75 కిలోలు. రెండు స్ప్రింగులూ కలిపి మిల్లీమీటరుకి 1 కిలో గట్టిదనం. 30 మిల్లీమీటర్ల ప్రీలోడ్. మొత్తం ఫోర్కు ప్రయాణం 115 మిల్లీమీటర్లు. మనిషి కూర్చుంటే ఎంత దిగుతుంది? 75లోంచి 30 తీస్తే 45. ఇప్పుడు మీరు లక్ష్మీపూర్ వైపు ఘాట్ దిగుతున్నారు, ఎదురుగా లారీ. ఓ మోస్తరు గట్టిగా బ్రేకు వేశారు. ఇలాంటి బండికి అప్పుడు వెనక నుంచి సుమారు 50 కిలోల బరువు ముందుకి మారుతుంది. 50 కిలోలంటే ఇంకో 50 మిల్లీమీటర్లు. 45, 50 కలిపితే 95. మిగిలింది 20. సరిగ్గా అప్పుడే గుంత వచ్చింది. ఫోర్కు అడుగు తగులుతుంది. ఠప్పున చప్పుడు. అది మీరందరూ విన్నదే.

వాషర్లు వేసి ప్రీలోడ్ ఇంకో 20 పెంచారు. దిగుడు 25. బ్రేకులో మళ్ళీ అదే 50. చూశారా, ఆ 50 తగ్గలేదు. మొత్తం 75, మిగిలింది 40. బాగుందిగా అంటారు. కానీ రెండో వైపు చూడండి. చక్రం గుంతలోకి దిగాలంటే ఫోర్కు సాగాలి. ఎంత సాగగలదు? దిగినంతే, 25. పాతది 45 ఉండేది. గుంతలో చక్రం నేలని వదిలేస్తుంది, ఫోర్కు పైన కొట్టుకుంటుంది, హ్యాండిల్ తేలిపోతుంది. ఒక జబ్బు తగ్గించి ఇంకోటి తెచ్చుకున్నాం.

అదే స్ప్రింగు గట్టిదనం పెంచి 1.25 చేస్తే? ప్రీలోడ్ 20 మిల్లీమీటర్లే ఇద్దాం, అంటే 25 కిలోలు. 75లో 25 పోతే 50, దాన్ని 1.25తో భాగిస్తే దిగుడు 40. బ్రేకులో 50ని 1.25తో భాగిస్తే ఇంకో 40. మొత్తం 80. అడుగున 35 మిగిలింది, కిందికి సాగడానికి 40 ఉంది. రెండు వైపులా బాగుంది. దీన్నే నేను అప్‌గ్రేడ్ అంటాను.

మరి గట్టి స్ప్రింగు ఎక్కడ దొరుకుతుంది? కొన్ని బళ్ళకి బయట దొరుకుతాయి. చాలా పాత బళ్ళకి దొరకవు. అప్పుడు ఉన్న స్ప్రింగునే కోయవచ్చు. అవును, కోయడమే. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది. 40 చుట్లున్న స్ప్రింగులో 8 చుట్లు తీసేస్తే 32 మిగులుతాయి, 40ని 32తో భాగిస్తే 1.25. మేస్త్రీ గారు తల ఊపుతున్నారు, ఆయన చేసి ఉంటారు. చుట్ల మధ్య సందు అంతటా ఒకేలా ఉన్న స్ప్రింగుకే ఈ లెక్క. ఒక కొసన చుట్లు దగ్గర దగ్గరగా ఉన్నదానికి ఇది వర్తించదు.

కోసేముందు ఒక లెక్క తప్పనిసరి. స్ప్రింగు పూర్తిగా మూసుకుపోతే ఎంత పొడవు? తీగ మందం 4 మిల్లీమీటర్లయితే 32 చుట్లకి 128. కోసిన స్ప్రింగు పొడవు 280 అయితే, 280లో 128 పోతే 152 నొక్కుకోగలదు. మనకి కావాల్సింది ప్రయాణం 115, ప్రీలోడ్ 20, మొత్తం 135. సరిపోయింది, 17 మిగిలింది. ఇది సరిపోకపోతే చుట్టూ చుట్టూ కొట్టుకుని స్ప్రింగు విరుగుతుంది, కోయొద్దు. కోయకముందు 350 పొడవున్న స్ప్రింగు 280 అయింది కాబట్టి 70 పోయింది. స్ప్రింగు మీద పెట్టే పైపు ముక్కని, అంటే స్పేసర్‌ని, ఎంత పెంచాలి? 70 కాదు, 60. ఎందుకు? ప్రీలోడ్ మనం 30 నుంచి 20కి తగ్గించాం కదా. మందమైన పీవీసీ పైపు స్పేసర్‌గా బాగా పనికొస్తుంది, రెండు కొసలూ సమంగా కోసి స్టీలు వాషరు పెట్టాలి. స్ప్రింగు కోసిన కొసని కూడా సమంగా అరగదీసి, ఆ కొస స్పేసర్ వైపు ఉంచండి. రెండు కాళ్ళకీ ఒకేలా.

కొలత ఎలా అంటారా? చాలా తేలిక. క్రోమ్ పైపుకి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ బిగించి సీలు దాకా నెట్టండి. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒక కొలత, మీరు రోజూ వేసుకునే బట్టలతో, రోజూ మోసే బరువుతో కూర్చున్నప్పుడు ఇంకో కొలత. తేడాయే దిగుడు. మొత్తం ప్రయాణంలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటే రోడ్డు మీద బాగుంటుంది. బండి నడిపి వచ్చాక ట్యాగ్ ఎక్కడిదాకా పోయిందో చూస్తే ఎంత ప్రయాణం వాడారో కూడా తెలుస్తుంది. కొలవకుండా స్ప్రింగు ముట్టుకోకండి. దయచేసి.

ఇక ఆయిలు. స్ప్రింగు గట్టిపడితే అది వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతుంది, కాబట్టి ఆయిలు కాస్త చిక్కగా కావాలి. కాస్త అన్నాను. 10 నంబరు ఉంటే 15 నంబరు. మన దగ్గర చాలా చోట్ల ఇంజన్ ఆయిలే పోసేస్తారు. 20W-40 ఇంజన్ ఆయిలు మామూలు 10 నంబరు ఫోర్కు ఆయిలు కంటే మూడు నాలుగింతలు చిక్కన. సిరంజి గుర్తుందిగా? చిన్న గుంతలన్నీ చేతికి తగులుతాయి. చలికాలంలో పొట్టంగి, సెమిలిగుడ వైపు పొద్దున్నే బయల్దేరితే ఫోర్కు కట్టెలా ఉంటుంది. ఇంకోటి, ఒక కంపెనీ 10 నంబరు ఇంకో కంపెనీ 10 నంబరు ఒకటి కావు. డబ్బా మీద 40 డిగ్రీల దగ్గర చిక్కదనం అంకె ఉంటే దాన్ని చూసి కొనండి, ఎప్పుడూ అదే కంపెనీది వాడండి.

ఎంత పోయాలి? మాన్యువల్‌లో మిల్లీలీటర్లు ఉంటాయి, మొదలుపెట్టడానికి అవి చాలు. కానీ సరైన పద్ధతి మట్టం కొలవడం. స్ప్రింగు లేకుండా, పైపుని అడుగుదాకా దించి, పది పదిహేను సార్లు మెల్లగా ఆడించి గాలి బుడగలు పోయాక, పై అంచు నుంచి ఆయిలు ఎంత లోతులో ఉందో చూడండి. రెండు కాళ్ళలోనూ ఒకటే ఉండాలి. ఆ పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే. ఆయిలు మట్టం 10 మిల్లీమీటర్లు పెంచితే మొదట్లో తేడా తెలియదు, చివర్లో అడుగు తగలడం తగ్గుతుంది. ఎక్కువ పోస్తే మాత్రం గాలికి చోటుండదు, సీళ్ళు తన్నుకుపోతాయి.

వాల్వుల గురించి వెనక తమ్ముడు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నాడు. ఎమ్యులేటర్లు అంటారు. స్ప్రింగు కింద, రాడ్డు నెత్తిన కూర్చునే చిన్న వాల్వు. నెమ్మది కదలికలో గట్టిగా, వేగం కదలికలో తెరుచుకుని మెత్తగా ఉంటుంది. నేను మొదట చెప్పిన రెండు జబ్బులకీ అసలైన మందు అది. మరి ఎందుకు ఆఖరికి పెట్టాను? అది పెట్టాలంటే రాడ్డు చిల్లులు డ్రిల్లుతో పెద్దవి చెయ్యాలి. మళ్ళీ పాతలా చెయ్యలేరు. ఫోర్కు లోపలి కొలత సరిగ్గా సరిపోవాలి. పైగా చక్రం తిరిగి కిందికి దిగే కదలికకి అది పనిచెయ్యదు, అక్కడ ఆయిలే దిక్కు. బుల్లెట్ లాంటి బరువు బండి మీద దూరాలు తిరిగేవాళ్ళకి ఖర్చు తగినదే. వంద సీసీ బండికి అక్కర్లేదని నా అభిప్రాయం. స్ప్రింగూ ఆయిలూ సరిగ్గా కుదిరాక మీకే అవసరం అనిపించదు.

బిగించేటప్పుడు రెండు మాటలు. డ్రమ్ బ్రేకు బళ్ళకి బ్రేకు ప్లేటు మీద ఒక గాడి ఉంటుంది, ఫోర్కు కేసు మీద ఒక మొటిమ ఉంటుంది. మొటిమ గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు వేసినప్పుడు ప్లేటు తిరిగిపోతుంది, చక్రం లాకైపోతుంది, మనిషి పోతాడు. చేత్తో తడిమి చూడండి, ఇంకొకరి చేత చూపించండి. రెండోది, యాక్సిల్ నట్టు బిగించాక, పక్క క్లాంపు బిగించేముందు బండిని స్టాండు దించి ముందు బ్రేకు పట్టుకుని నాలుగైదు సార్లు కిందికి నొక్కండి. రెండు కాళ్ళూ వాటంతట అవి సర్దుకుంటాయి. అప్పుడు బిగించండి. డిస్క్ ఉంటే బయల్దేరేముందు లివర్ గట్టిపడేదాకా నొక్కండి. మొదటి రోజు ఊళ్ళోనే తిరగండి, ఘాట్ ఎక్కొద్దు. ఇంటికొచ్చి పైపు మీద ఆయిలు వలయం ఉందా, క్లాంపు బోల్టులు బిగువుగా ఉన్నాయా చూడండి.

ఒక ప్రశ్న వచ్చింది, అందరికీ వినిపించేలా చెబుతాను. "పెద్ద బండి ఫోర్కు, డిస్కు మొత్తం తెచ్చి పాత బండికి బిగించొచ్చా?" అని. బిగుస్తుందా అంటే లేత్ దగ్గర పని చేయిస్తే బిగుస్తుంది. కానీ ఫోర్కు పొడవు మారితే హ్యాండిల్ వాలు మారుతుంది, క్లాంపు ముందుకి ఎంత జరిగి ఉందో అది మారితే బండి నిలకడ మారుతుంది. స్టీరింగ్ కాండం, అంటే క్లాంపుల మధ్య ఫ్రేములో తిరిగే రాడ్డు, వేరే బండిది నొక్కి, వెల్డింగ్ చేసి బిగించినవి చూశాను. వెల్డింగ్ చేసిన కాండం మీద మనిషిని కూర్చోబెట్టకూడదు. చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మనం రాయగడ నంబరు ఓడీ 18 ఉన్న బండితో రోజూ అటు ఆంధ్రాలోకి వెళ్ళి వస్తాం. రెండు రాష్ట్రాల చెకింగులు ఉంటాయి. ప్రమాదం జరిగితే బీమావాళ్ళు మొదట చూసేది మార్పుల్నే. అదే మోడల్‌కి కంపెనీ తర్వాత ఇచ్చిన డిస్క్ ఫోర్కు, దాని క్లాంపులు, చక్రం మొత్తం సెట్టుగా దొరికితే, ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి. వాళ్ళు కాగితం మీద ఒప్పుకుంటేనే కొనండి.

ఇంకో చెయ్యి. పాత ఆయిలు ఎక్కడ పారబొయ్యాలంటారా? మంచి ప్రశ్న. కాలవలో మాత్రం పొయ్యొద్దు, మన కాలవలన్నీ నాగావళిలోకే వెళ్తాయి. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వండి, వాళ్ళ పాత ఇంజన్ ఆయిలు డ్రమ్ములో కలిపేస్తారు. ఇప్పుడు బయటికి రండి. ఒక బండి స్టాండు మీద పెట్టించాను, ట్యాగ్ కట్టి దిగుడు కొలవడం చేసి చూపిస్తాను. సొంత బండికి కొలుచుకోవాలనుకునేవాళ్ళు ఇద్దరిద్దరు కలిసి రండి, ఒకరు కూర్చోవాలి, ఒకరు కొలవాలి.